ఒకటిన్నర డెసిబెల్

మా కంట్రోల్ రూములో నన్ను గొడుగు సారు అంటారు. వెనక అంటారు, ముందు అంటే ఊరుకోనని వాళ్లకి తెలుసు. మండుటెండలో కూడా గొడుగు వేసుకు తిరిగే రకమని దాని భావం. నిజం చెప్పాలంటే నాకు గొడుగే లేదు. వానొస్తే అందరిలాగే తడుస్తాను. వాళ్లు అనేది మార్జిన్ గురించి.

మార్జిన్ అంటే ఏమిటో చెప్పకపోతే ఈ కథ ముందుకు కదలదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. మా ఆఫీసు వెనక ఒక పెద్ద డిష్ ఉంది. అది ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఉపగ్రహం మూడు వందల నలభై చోట్ల ఉన్న చిన్న డిష్‌లకి ఆ మాట చేరవేస్తుంది. ఓడలు, గనులు, కొండల మీది ఆస్పత్రులు, వాతావరణ కేంద్రాలు, అన్నీ మా వాళ్లే. తమకి ఎంత బాగా వినిపిస్తోందో ఆ చిన్న డిష్‌లు క్షణక్షణం మాకు చెబుతూ ఉంటాయి. ఆకాశం తేటగా ఉండి బాగా వినిపిస్తే ఒక్కో సంకేతంలో ఐదేసి బిట్లు కుక్కి గబగబా పంపుతాం. వాన పట్టుకుంటే నాలుగు, మూడు, రెండు, చివరికి ఒకటి, అలా మెట్లు దిగుతూ నిదానంగా పంపుతాం. వినికిడి తగ్గిన తాతగారితో ఒక్కో మాటా విడదీసి మాట్లాడతాం చూడండి, అలాగన్నమాట. తాతగారికి చెప్పాలంటే ఎక్కువసేపు పడుతుంది కదా. కింది మెట్టు మీద ఉన్నవాడు కూడా అంతే, ఎక్కువ బ్యాండ్‌విడ్త్ తింటాడు. ఉన్న బ్యాండ్‌విడ్త్ ఉన్నంతే, ఎవరు బతిమాలినా పెరగదు.

ఎవరిని ఏ మెట్టు మీద ఉంచాలో యంత్రమే లెక్క కడుతుంది. కానీ మనం మనుషులం, ఎందుకైనా మంచిదని ఆ లెక్కకి కాస్త భయం కలుపుతాం. అవసరమైన దానికన్నా ముందే ఒక మెట్టు కిందికి దింపేస్తాం. ఆ భయానికి మేం పెట్టుకున్న గౌరవమైన పేరు మార్జిన్, దాన్ని డెసిబెళ్లలో కొలుస్తాం. మా నెట్‌వర్క్‌లో ఉన్న మార్జిన్‌లో సగం నాది.

మొన్నామధ్య ఒక మంగళవారం పొద్దున మీటింగులో పెద్ద సారు ఒక జాబితా చదివాడు. కొండల్లో ఉన్న పన్నెండు చిన్న ఆస్పత్రులకి లైన్లు ఇవ్వాలి. డాక్టరు పట్నంలో కూర్చుని వీడియోలో రోగిని చూస్తాడు, ఏం చెయ్యాలో అక్కడి నర్సుకి చెబుతాడు. ఉపగ్రహంలో కొత్తగా తీసుకుందామన్నా ఖాళీ లేదు, ఉన్నదాంట్లోనే సర్దుకోవాలి. ఎలా సర్దినా పదకొండే పట్టాయి. పన్నెండోది అన్నిటికన్నా ఎత్తులో, ఏడాదికి ఏడు నెలలు వాన పడే చోట ఉంది. అంటే ఎప్పుడు చూసినా కింది మెట్టు మీదే ఉంటుంది, ఇద్దరి తిండి ఒక్కటే తింటుంది. పెద్ద సారు దానికి అడ్డంగా గీత కొట్టాడు. శుక్రవారం సాయంత్రం జాబితా పైకి వెళ్లిపోతుంది, ఎవరైనా చోటు చూపించగలిగితే ఆలోగా చూపించండి అన్నాడు.

ఆ పన్నెండో ఆస్పత్రిలో నర్సు మా తమ్ముడి కూతురు. ఇంట్లో అమ్మడు అంటాం. ఆస్పత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి, రెండు గదులు, ఆరు మంచాలు, ఒక అమ్మడు. పోయిన నెల ఒక కాన్పు అడ్డం తిరిగితే ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిందట. డాక్టరు చెప్పింది విని పరుగున దిగి, చేసి, మళ్లీ ఎక్కిందట. అలా మూడుసార్లు. తల్లీ బిడ్డా దక్కారు. "ప్రతిసారీ గుట్ట ఎక్కేంత టైం ఉండదు పెదనాన్నా" అంది నాతో, చాలా మామూలుగా. 

మధ్యాహ్నానికల్లా తమ్ముడికి కబురు అందింది. వాడు సముద్రం అడుగున కేబుల్ వేసే ఓడలో ఇరవయ్యేళ్లుగా ఉన్నాడు. ఒకప్పుడు క్రేన్ నడిపేవాడు, ఇప్పుడు డెక్ మీద పనివాళ్లందరికీ మేస్త్రి. ఓడ నుంచే ఫోన్ చేసి, పెదనాన్న అక్కడ కూర్చుని ఉండగా పిల్లకి లైను రాదా అని దెప్పాడు. చూస్తానన్నాను. చూడటం కాదు, చెయ్యమన్నాడు. ఆ తర్వాత, ఎప్పటిలాగే, మాట వాన మీదికి పోయింది. వాన పడే చోటికి లైను ఇవ్వరన్న సంగతి వాడికి మంట పుట్టించింది. వాన అంటే వాడికి పగ.

ఆ పగకి కారణం ఉంది. పదకొండేళ్ల కిందట ఆ ఓడలో వంటాయనకి గుండెనొప్పి వచ్చింది. మా తమ్ముడికి ప్రాణస్నేహితుడు. ఒడ్డు రెండు రోజుల దూరం. మా లైను మీద డాక్టరు మాట్లాడుతూ ఏ మందు ఎంత ఎక్కించాలో ఓడ అధికారికి చెబుతున్నాడు. దగ్గర్లో వెళుతున్న ఒక పెద్ద ఓడలో డాక్టరున్నాడని తెలిసి, రోగిని అందులోకి మార్చడానికి పడవ దింపమన్నారు. అంతలో లైను తెగింది. ఏడు నిమిషాలకి మళ్లీ వచ్చేసరికి వంటాయన లేడు. సన్నగా వాన పడుతూనే ఉంది ఆ రోజు. ఆ వాన లేకపోతే బతికేవాడని తమ్ముడు ఇప్పటికీ అంటాడు, వాన పడ్డ ప్రతిసారీ అంటాడు.

వాడికి తెలియనిది ఒకటుంది. ఆ రోజు కంట్రోల్ రూములో డ్యూటీ నాది. వాన పడుతోందని తెలిసీ నేను మార్జిన్ పెంచలేదు, అందుకే తెగిందని అనుకున్నాను. మర్నాడే వచ్చి మొత్తం నెట్‌వర్క్ మీద ఒకటిన్నర డెసిబెల్ పెట్టాను. ఆ రోజు రికార్డు తీసి చూడలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, పట్టుకున్న ఆకులు పదకొండేళ్లు వదల్లేదు.

బుధవారం కొత్తమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ఇంజనీరుగా చేరి నాలుగు నెలలైంది. మనిషి పీలగా ఉంటుంది కానీ పట్టు పడితే ఉడుమే. మన వాళ్లందరూ ఉండాల్సిన మెట్టు కన్నా కిందే ఉన్నారు సార్, ఎందుకో చూశాను అంది. పాత సెట్టింగులన్నీ తిరగేసిందట. పదిహేనేళ్ల కిందటి ఇన్‌ఛార్జి అర డెసిబెల్ పెట్టాడు. యంత్రాలు మార్చినప్పుడు ఇంకొకాయన అర పెట్టాడు. ఎవరో పెద్దవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు, వాళ్ల ముందు పరువు పోకూడదని, మరొకాయన మరో అర. ఎవరూ ముందువాళ్లది తియ్యలేదు. ఉమ్మడి కాపురంలో కూర దగ్గరికి వచ్చిన తోడికోడళ్లందరూ తలా ఒక చిటికెడు ఉప్పు వేసిపోయినట్టుంది వ్యవహారం. ఆ మూడూ తీసేస్తే పన్నెండో ఆస్పత్రి ఎండరోజుల్లో పడుతుంది, వానరోజుల్లో పట్టదు అంది. ఇంకో ఒకటిన్నర ఉంది, అది కూడా తీస్తే హాయిగా పడుతుంది, అది ఎవరు పెట్టారో పేరు లేదు, ప్రమాదం తర్వాత పెట్టినది అని మాత్రం ఉంది అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాను. తర్వాత కోపం తెచ్చుకున్నాను, కోపం నాకు తొందరగా అందుతుంది. మనుషుల ప్రాణాలతో ఆటలా, నీకు వానంటే కిటికీలోంచి చూసేదే తెలుసు, ఓడలో ఉన్నవాడికి తెలుస్తుంది అన్నాను. ఆ అమ్మాయి వాదించలేదు. తన స్క్రీను నా వైపు తిప్పి, ఆ ప్రమాదం రోజు రికార్డు తెరిచింది.

నేను పదకొండేళ్లు చూడని గీత అది. సన్నవానకి ఒక్క మెట్టు దిగి, అక్కడ నిలకడగా సాగుతోంది. హఠాత్తుగా నిలువునా సున్నాకి పడింది. ఏడు నిమిషాలు నేల మీద ఉండి, అంతే హఠాత్తుగా అదే ఎత్తుకి లేచింది.

"వానైతే మెట్లు దిగినట్టు దిగుతుంది సార్. ఇది తలుపు వేసినట్టుంది. డిష్‌కి ఏదో అడ్డం వచ్చింది. ఒకటిన్నర కాదు, ముప్పై డెసిబెళ్లు పెట్టినా లైను నిలిచేది కాదు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. దాచుకోవడం దేనికి, ఆ క్షణంలో నేను చచ్చిపోయిన వంటాయనని తలుచుకోలేదు, నా గురించే అనుకున్నాను. నేను చంపలేదు, నేను కాదు అని లోపల ఎవరో గెంతుతున్నారు. ఆ సంబరం ఒక నిమిషమైనా నిలవలేదు. అప్పుడు డిష్ ఎటు తిరిగి ఉందో కూడా రికార్డులో ఉంది సార్, ఓడ వెనక ఎడమ వైపు, క్రేన్ ఉండే చోటు అంది కొత్తమ్మాయి. ఎవరో ఆ టైములో క్రేన్ చెయ్యి తిప్పి ఆపి ఉంటారు అంది.

ఎవరో కాదు. పడవ దింపడానికి క్రేన్ ఎక్కింది మా తమ్ముడు. ఆ సంగతి వాడే నాకు ఎన్నోసార్లు చెప్పాడు. తాళ్లు చిక్కుపడితే విప్పేదాకా క్రేన్ చెయ్యిని అలాగే పట్టి ఉంచానని, అంగుళం కూడా కదలనివ్వలేదని చెప్పి ఏడ్చాడు. స్నేహితుణ్ని బతికించడానికి కదలకుండా పట్టుకున్న ఆ క్రేన్ చెయ్యే డాక్టరు మాటని ఆపింది.

మా ఆఫీసులో మార్జిన్ పెట్టడానికి నోటిమాట చాలు, తియ్యడానికి ఫారం కావాలి. ప్రమాదం తర్వాత పెట్టినదైతే ఆ ప్రమాదానికి అసలు కారణం రాయాలి. ఆ కాగితం కాపీ ఓడ కంపెనీకి, అక్కడి నుంచి ఓడకి వెళుతుంది. చదివినట్టు డెక్ మేస్త్రి సంతకం చెయ్యాలి. డెక్ మేస్త్రి ఎవరో చెప్పాను కదా. రాస్తే తమ్ముడి గుండె పగులుతుంది. రాయకపోతే ఒకటిన్నర తీయనివ్వరు, వాడి కూతురు గుట్ట ఎక్కుతూనే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ రాత్రి నిద్ర పట్టిందని అబద్ధం చెప్పను. గురువారం క్యాంటీన్‌లో కొత్తమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పేశాను. డ్యూటీ నాదన్న సంగతి ఆ రోజు పనిచేసినవాళ్లు కాక ఇంకొకరు విన్నది అదే మొదటిసారి. ఆ అమ్మాయి చేతిలో టీ చల్లారిపోయింది. నాకు తట్టిన దారి కూడా చెప్పాను. ప్రమాదాల ఫారం కాకుండా, సొంత తప్పుల ఫారం అని ఒకటుంది, ఎవరూ వాడరు. ఎవరు మాత్రం వాడతారు. లెక్క కట్టకుండా, రికార్డు చూడకుండా, నా భయం కొద్దీ ఈ మార్జిన్ పెట్టాను, ప్రమాదానికీ దీనికీ సంబంధం లేదు అని అందులో రాస్తాను. ప్రతి అక్షరం నిజమే. అది పెద్ద సారు బల్ల దాటి ఎక్కడికీ పోదు.

"మీ తమ్ముడి సంగతి సరే సార్. ఇంకో ఓడలో ఇంకో క్రేన్ ఇలాగే అడ్డం వస్తే?"

నాకు ఒళ్లు మండింది. ఇరవై ఆరేళ్లు ఈ పని చేసినవాడికి, నిన్న వచ్చిన పిల్ల ఈ ప్రశ్న వెయ్యాల్సి వచ్చిందని మండింది. నా పరువు, నా తమ్ముడు, నా అమ్మడు అనుకుంటూ మిగతా ఓడల్లో ఉన్నవాళ్లని ఒక్కసారి కూడా తలుచుకోలేదు. నువ్వు చెప్పిందే సరి అనడానికి నాకు రెండో టీ కావలసి వచ్చింది. ఇద్దరం కలిసి నలభై రెండు ఓడలకి ఒక నోటీసు తయారుచేశాం. క్రేన్ చెయ్యి ఏ చోట ఆగితే డిష్‌కి ఆకాశం కనిపించదో కొలిచి, డెక్ మీద పసుపు గీత గీసుకోండి, డాక్టరుతో మాట్లాడుతున్నప్పుడు గీత దాటనివ్వకండి. ఎప్పుడు, ఏ ఓడలో, ఎందుకు అన్నది రాయలేదు.

శుక్రవారం పెద్ద సారు నా ఫారం రెండుసార్లు చదివాడు. లెక్క లేకుండా మూడు వందల నలభై మంది నోటి దగ్గర తిండి పదకొండేళ్లు తీసి పక్కన పెట్టారా అని అడిగాడు. అవునన్నాను. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా అన్నాడు. లేదన్నాను. రిటైర్మెంటుకి ఐదు నెలలుంది నాకు. నా షిఫ్ట్ ఇన్‌ఛార్జి పని కొత్తమ్మాయికి ఇచ్చి, నన్ను పాత రికార్డుల గదికి పంపించాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని వింటాం, నేనైతే అందరి సొమ్మూ నా భయానికి దానం చేశాను, కాబట్టి బాధపడే హక్కు లేదు. అయినా బాధపడ్డాను. మధ్యాహ్నం మూడింటికి కొత్తమ్మాయి నాలుగు మార్జిన్లూ తీసేసింది. గోడ మీది పెద్ద స్క్రీనులో డిష్‌లన్నీ ఒకటి తర్వాత ఒకటి పై మెట్టుకి ఎక్కాయి. పన్నెండో ఆస్పత్రి మీది అడ్డగీత పోయింది.

మూడు వారాలకి అక్కడ లైను పెట్టారు. పెట్టిన నాలుగో రోజే కొండ మీద కుండపోత. నేను రికార్డుల గదిలో కాగితాలు వదిలేసి వెళ్లి, కొత్తమ్మాయి కుర్చీ వెనక నిలబడ్డాను. ఐదు, నాలుగు, మూడు. రెండు దగ్గర కాసేపు తటపటాయించింది. ఒకటికి దిగింది. దానికింద ఇంకేం లేదు, తెగడమే. ఆ గంటంతా అది ఒకటి మీదే నిలబడింది. అమ్మడు సాయంత్రం ఫోన్ చేసి, బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయింది కానీ డాక్టరుగారి మాట ఒక్కటి కూడా పోలేదు పెదనాన్నా అంది. ఒక ముసలాయనకి ఊపిరి ఆడకపోతే డాక్టరుగారు చెప్పినట్టు చేశానని, ఇప్పుడు కూర్చుని జావ తాగుతున్నాడని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. కూతురి లైను గురించి సంతోషంగా మాట్లాడతాడనుకున్నాను. మాట్లాడాడు, కానీ రెండు ముక్కలే.

"మీ ఆఫీసు నోటీసు అందింది అన్నయ్యా. పసుపు గీత నేనే కొలిచి గీశాను."

మంచి పని చేశావన్నాను.

"గీత ఎక్కడ పడిందో తెలుసా? పడవ దింపే చోట, సరిగ్గా దాని మీదే."

చాలా ఓడల్లో అలాగే ఉంటుందిలే అన్నాను. వాడు ఆగాడు. అవతల డెక్ మీద ఎవరో ఏదో బరువైనది ఈడుస్తున్నారు, ఆ చప్పుడు ఆగేదాకా ఆగాడు.

"ఆ రోజు లైను తెగింది వానకేనా?"

"వానకేరా."

"వానకే అయితే ఈ గీత దేనికి?"

చిన్నప్పుడు కూడా ఇంతే. ఇద్దరం కలిసి తప్పు చేసేవాళ్లం, వాడు గుక్క తిప్పుకోకుండా అబద్ధం ఆడేవాడు, నేను రెండో ప్రశ్నకే దొరికిపోయేవాణ్ని. ఇప్పుడూ దొరికిపోయాను. కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పాను. రికార్డులో గీత ఎలా పడిందో, ఎలా లేచిందో, డిష్ ఎటు చూస్తోందో చెప్పాను. డ్యూటీలో ఉన్నది నేనేనని కూడా చెప్పాను. అడగకుండానే అది కూడా చెప్పడం వాణ్ని ఓదార్చడానికో, నా బరువు దించుకోవడానికో నాకు ఇప్పటికీ తేలలేదు.

 ఉన్నావా అని రెండుసార్లు అడిగాను. ఉన్నానన్నాడు.

"అయితే ఇన్నేళ్లూ నువ్వే చంపాననుకున్నావా?"

అవునన్నాను. నాతో ఎందుకు చెప్పలేదన్నాడు. చెబితే వానని వదిలేసి నన్ను తిట్టేవాడివి, దానికి భయపడ్డానన్నాను. తిట్టేవాణ్నే అన్నాడు వాడు, దాచకుండా. ఆ తర్వాత ఫోనుకి దూరంగా జరిగి ఏడ్చాడు. వినబడుతూనే ఉంది. నీ తప్పు లేదురా, బతికించబోయావు అని చెప్పాను. అదే మాట నాకు నేను చెప్పుకుంటే పదకొండేళ్లలో ఒక్కసారీ పనిచెయ్యలేదు, వాడికి మాత్రం ఎందుకు పనిచేస్తుంది. అందుకని ఒక్కసారే చెప్పి ఊరుకున్నాను.

మళ్లీ దగ్గరికి వచ్చి మాట్లాడినప్పుడు వాడి గొంతు మారిపోయింది, మేస్త్రి గొంతులా ఉంది.

"వంటాయన వాళ్లావిడకి కూడా నేనే చెప్పాను, వాన వల్ల లైను తెగిందని. మబ్బు పడితే చాలు, ఈ రోజుకీ తలుపులన్నీ వేసుకుని కూర్చుంటుంది అన్నయ్యా."

నేను కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"బుధవారం ఒడ్డుకి వస్తున్నా. ఆవిడ దగ్గరికి వెళ్లి చెప్పాలి. నువ్వూ వస్తావా?"

వస్తానన్నాను. ఎన్నింటికి బయల్దేరాలో అడిగి రాసుకున్నాను.